ఎడమ చెవి నరం, మూడు నెలలు, ఆరు గేములు

నాకు వచ్చిన జబ్బు పేరు వెస్టిబ్యులర్ న్యూరైటిస్. చెవి లోపలి నుంచి మెదడుకు నిలకడ కబురు మోసే నరానికి వాపు రావడం. ఎక్కువగా జలుబులాంటి వైరస్ జబ్బు తగ్గీ తగ్గకముందే, ఒకవైపు చెవికే వస్తుంది. నాకు ఎడమవైపు వచ్చింది. చెవి పోటు ఉండదు, వినికిడి తగ్గదు. గది మాత్రం గంటల తరబడి గిర్రున తిరుగుతూనే ఉంటుంది, తల కదిపితే వాంతి అవుతుంది. బాగున్న చెవి కిందికి వచ్చేలా పక్కకు పడుకుని, కదలని ఒక వస్తువు మీద చూపు నిలిపితే కాస్త ఓర్చుకోగలం.

కళ్లు తిరగడం అనగానే మనవాళ్లు బీపీ అంటారు, గ్యాస్ అంటారు, ఎక్కువమంది సర్వైకల్, అంటే మెడ ఎముకల అరుగుదల, అంటారు. మెడపట్టీ కట్టుకుని పడుకోవడం ఈ జబ్బులో చేయగల పెద్ద పొరపాటు, ఎందుకో కింద చెబుతాను. పక్క మీద ఒక వైపు తిరిగినప్పుడు మాత్రమే తిరిగి, నిమిషంలోపు ఆగిపోతే అది వేరే జబ్బు. చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పడం వల్ల వస్తుంది, తలను వరసగా కొన్ని భంగిమల్లో తిప్పే ఎప్లీ పద్ధతితో చాలామందికి ఒకటి రెండు సార్లలోనే తగ్గుతుంది. న్యూరైటిస్ అలా ఆగదు. కళ్లు తిరగడంతోపాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, మూతి వంకరపోయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, అసలు నిలబడలేకపోయినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, ఒక్కసారిగా చెవి వినబడకపోయినా ఇంట్లో ఒక్క నిమిషం ఆగకూడదు. అది పక్షవాతం కావచ్చు. ఎమర్జెన్సీలో డాక్టరు నా తలను రెండు చేతులతో పట్టుకుని, తన ముక్కునే చూస్తూ ఉండమని, తలను చటుక్కున పక్కకు తిప్పి చూశారు. కుడివైపు తిప్పినప్పుడు కళ్లు ముక్కు మీదే నిలిచాయి. ఎడమవైపు తిప్పినప్పుడు జారిపోయి, మళ్లీ వెనక్కి గెంతాయి. ఆ గెంతు ఎడమ చెవి నరం పని చేయడం లేదనడానికి గుర్తు.

వాంతులకూ తిరుగుడుకూ ఇచ్చే మాత్రలు మొదటి రెండు మూడు రోజులకే. నేను నాలుగో రోజు డాక్టరును అడిగి ఆపేశాను. హాయిగా ఉన్నాయి కదా అని వారాల తరబడి మింగితే, ఒక చెవి పని తగ్గిందన్న సంగతి మెదడుకు అందకుండా అవే అడ్డుపడతాయి. మెడపట్టీ చేసే కీడూ ఇదే. తల కదలకపోతే తప్పు తెలియదు, తప్పు తెలియకపోతే మెదడు సర్దుకోదు.

అసలు మందు వ్యాయామం. విజిటింగ్ కార్డు వెనక స్కెచ్‌పెన్నుతో 'క' రాసి, చేతిని ముందుకు చాపి కంటి ఎత్తులో పట్టుకోవాలి. చూపు అక్షరం మీదే ఉంచి, 'కాదు కాదు' అన్నట్టు తలను అటూ ఇటూ ఇరవై ముప్ఫై డిగ్రీలకు మించకుండా ఊపాలి. అక్షరం తలకట్టు స్పష్టంగా కనిపిస్తున్నంత వరకే వేగం పెంచాలి. తలకట్టు అలుక్కుపోతే వేగం ఎక్కువైందని లెక్క. ఫోన్లో టిక్కుటిక్కుమని తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని నిమిషానికి 60 దెబ్బలతో మొదలుపెట్టి 120కి తీసుకెళ్లాను. ఒక్కో నిమిషం చొప్పున, రోజు మొత్తానికి పన్నెండు నిమిషాలకు తగ్గకుండా. కూర్చుని బాగా వచ్చాక నిలబడి, ఆ తరవాత పాదాలు దగ్గరగా పెట్టి, ఆ తరవాత దిండు మీద నిలబడి. మొదట వెనక తెల్లగోడ ఉండాలి, తరవాత గళ్ల కర్టెన్. చాలామంది గోడ దగ్గరే ఆగిపోతారు, అందుకే ఇంట్లో బాగుండి సూపర్ మార్కెట్ వరసల మధ్య తూలిపోతారు. ఫిజియోథెరపిస్టు చెప్పిన కొలత ఒక్కటే: వ్యాయామానికి కళ్లు కొంచెం తిరగాలి, కానీ పదిహేను ఇరవై నిమిషాల్లో మామూలుకు రావాలి. అసలే తిరగకపోతే మోతాదు చాలలేదు, సాయంత్రం దాకా పట్టేస్తే మోతాదు మించింది.

ఇక గేములు ఎందుకంటే, చెవి కబురు నమ్మకం తప్పినప్పుడు మెదడు కళ్ల మీద అతిగా ఆధారపడుతుంది. ఎదురుగా బొమ్మ కదిలితే తనే కదిలాననుకుంటుంది. ఫోన్లో వేలితో పైకి తోసే వార్తలు, మన బెంగళూరు మెట్రోలో పొడుగు సీటు మీద కూర్చుంటే ఎదురు కిటికీలో పరుగెత్తే ఇళ్లు, గేములో తిరిగే కెమెరా, అన్నీ ఒకే దెబ్బ కొడతాయి. గేము ఆడేటప్పుడు తల కదలదు కాబట్టి కార్డు వ్యాయామానికి అది బదులు కాదు. కదిలే దృశ్యాన్ని ఓర్చుకోవడమనే రెండో సగానికి మాత్రం గేమంత కచ్చితంగా మోతాదు కొలిచి ఇచ్చేది నాకు మరొకటి దొరకలేదు. గదిలో లైటు వేసి, తెరకు రెండు మీటర్ల దూరంలో, చుట్టూ గోడ కనిపించేలా కూర్చోవాలి. కదిలితే బొమ్మను అలికే మోషన్ బ్లర్, తెరను అదిరించే కెమెరా షేక్, నడుస్తుంటే తల ఊగే హెడ్ బాబ్, ఈ మూడూ ఆపాకే మొదలుపెట్టాలి.

మూడో వారంలో స్లే ద స్పైర్. పేకలాంటి చీట్లతో యుద్ధం, మన వంతు వచ్చేదాకా తెర దాదాపు నిశ్చలం. మొదటి పాత్ర ఐరన్‌క్లాడ్‌కు 80 ప్రాణం, మొదటి కట్టలో పది చీట్లు: ఐదు స్ట్రైక్, నాలుగు డిఫెండ్, ఒక బ్యాష్. వంతుకు మూడు శక్తి, ఐదు చీట్లు. ఓడిపోయేవాళ్లంతా చేసే తప్పు, గెలిచిన ప్రతిసారీ బహుమతిగా వచ్చే చీటీని తీసుకోవడం. కట్ట లావైతే మంచి చీటీ చేతికి రావడం తగ్గుతుంది. ఇరవై ఇరవై ఐదు దగ్గర ఆపి, వద్దనే మీట నొక్కడం నేర్చుకోవాలి. విడిది దగ్గర ప్రాణం 30 శాతం నింపుకోవచ్చు లేదా ఒక చీటీకి పదును పెట్టుకోవచ్చు. మొదట్లోనే బ్యాష్‌కు పదును పెడితే ఎదుటివాడి మీద పడే దెబ్బ యాభై శాతం పెరిగే కాలం రెండు వంతుల నుంచి మూడుకు పెరుగుతుంది. సెట్టింగుల్లో తెర అదురు ఆపేయాలి. జబ్బు మనిషికి ఇంతకంటే మంచి మొదటి గేము లేదు. ఎప్పుడైనా కళ్లు మూసుకోవచ్చు, ఎవరూ కొట్టరు.

బలాట్రో కూడా చీట్లదే కదా అని వెంటనే తెరిస్తే దెబ్బతిన్నాను. వెనక రంగులు సుడిలా తిరుగుతూ ఉంటాయి, పాత టీవీలా గీతలు కదులుతాయి, చీట్లు ఊగుతాయి. రెడ్యూస్డ్ మోషన్ పెట్టి, స్క్రీన్ షేక్‌నూ ఆ గీతలు వేసే సీఆర్‌టీనీ సున్నాకు దించాక ఆడగలిగాను. ఎనిమిదో యాంటీ, అంటే గెలుపు దశ, దాటాను. ఒకే గుర్తున్న ఐదు చీట్లు వేస్తే అది ఫ్లష్, దానికి 35 చిప్పులు (పాయింట్లు), వాటిని హెచ్చించేది 4. చిప్పులు పెంచేవాటికంటే హెచ్చింపు పెంచే జోకర్లే, అంటే లెక్కను మార్చే ప్రత్యేక చీట్లే, గెలిపిస్తాయి. హెచ్చింపును మళ్లీ హెచ్చించే జోకరును వరసలో కుడి చివర పెట్టాలి, లెక్క ఎడమ నుంచి కుడికి జరుగుతుంది కనుక.

రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్ పుణేవాళ్లు 2020లో తెచ్చింది. కెమెరాను మనం తిప్పక్కర్లేదు, గేమే తిప్పుతుంది. ఆరో వారానికి అది బాగా కుదిరింది. తోలుబొమ్మలతో చెప్పిన కథ భాగాలు ఎంతో అందంగా ఉన్నాయి, కొట్లాటలు తొందరగా పాతబడ్డాయి. కథ సగంలో తెగినట్టు ముగిసింది, దానికి నిజంగా బాధపడ్డాను.

సెలెస్ట్ మీద ఇంకొంచెం చెప్పాలి. 2018లో వచ్చిన ఈ గేములో ఒక అమ్మాయి కొండెక్కుతుంది. గాలిలో ఒక్కసారి దూసుకుపోవచ్చు, నేలను తాకితే ఆ దూకుడు మళ్లీ వస్తుంది. గోడ పట్టుకుని ఎక్కే ఓపిక కొద్దిసేపే. చాలా చోట్ల ఒక్కో సవాలు ఒక్కో తెరలో సరిపోతుంది, కనుక బొమ్మ నిరంతరం జారదు. చనిపోతే క్షణంలో అదే తెర మొదట్లో లేస్తాం. ఆటను తేలిక చేసే అసిస్ట్ మోడ్‌లో వేగం 80 శాతానికి దించి మొదలుపెట్టి, రెండు వారాల్లో పూర్తి వేగానికి వచ్చాను. మెట్రోనోమ్ పద్ధతే ఇది కూడా. నాలుగో అధ్యాయం గోల్డెన్ రిడ్జ్‌లో గాలి వీస్తుంది, తెల్లటి చారలు తెర మొత్తం అడ్డంగా పరుగెడతాయి. ఫిజియోథెరపీలో కళ్ల ముందు చారలు జరిపే వీడియోలు చూపిస్తారు. అచ్చం అదే. మొదటి రోజు నాలుగు నిమిషాలకే వికారం వచ్చింది, ఆపాను. తొమ్మిదో రోజు అరగంట ఆడాను. ఆ అధ్యాయం చివర తీగ మీద వేలాడే పెట్టెలో ఆ అమ్మాయికి గాబరా పట్టుకుంటుంది. ఒక ఈకను ఊపిరితో మెల్లగా పైకీ కిందికీ తేలుస్తున్నట్టు ఊహించుకోమని పక్కనున్న కుర్రాడు నేర్పుతాడు, మనం మీట నొక్కుతూ వదులుతూ ఆ ఈకను తేల్చాలి. ఈ జబ్బులో తిరుగుడు తగ్గినా, మళ్లీ తిరుగుతుందేమోనన్న భయం తగ్గదు. ఆ భయమే గుండె దడగా మారి మళ్లీ తల తేలినట్టు చేస్తుంది. ఫ్లైఓవర్ మీద ఆటోలో అలా అయినప్పుడు ఈకను తేల్చాను. పని చేసింది.

తొమ్మిదో వారంలో రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్, ఆరింటిలోకీ గొప్పది. లూకస్ పోప్ 2018లో తెచ్చాడు. ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి మనుషులు లేకుండా తిరిగొస్తుంది. అందులో ఉన్న 60 మందిలో ఎవరు ఏమయ్యారో బీమా లెక్కల మనిషిగా మనం తేల్చాలి. శవం దగ్గర మన దగ్గరున్న మాయ గడియారం తెరిస్తే చివరి మాటలు వినిపిస్తాయి, ఆ తరవాత చావు క్షణం శిలలా ఆగి కనిపిస్తుంది. అంతా ఆగి ఉంటుంది, మనం ఒక్కళ్లమే దాని చుట్టూ నడుస్తాం. నాలాంటివాడికి ఇది వరం.

బొమ్మంతా నలుపు తెలుపు చుక్కలే. చుక్కలను తెరకు అంటించి వదిలేస్తే, చూపు తిప్పినప్పుడు లోకం కదులుతుంటే చుక్కలు కదలవు, ఈదుతున్నట్టు కనిపించి కళ్లు పీకుతాయి. అందుకని చూసేవాడి చుట్టూ ఒక గోళం ఉందనుకుని, చుక్కలను ఆ గోళానికి అంటించారు. తిరిగినప్పుడు చుక్కలు లోకంతోపాటే నిలుస్తాయి. తల తిరిగినా లోకాన్ని చోట నిలపడం. నా ఎడమ చెవి నరం చేయలేకపోయిన పని సరిగ్గా ఇదే. అయినా నడిచేటప్పుడు చుక్కలు కొంత మెరమెరలాడతాయి, కాబట్టి ఇరవై నిమిషాలకు ఒకసారి గోడను చూడాలి.

ఆడేవాళ్లకు: ఎవరు ఏమయ్యారో రాసుకోవడానికి గేము ఇచ్చే పుస్తకంలో ముఖం మసకగా ఉంటే ఆ మనిషిని తేల్చడానికి కావలసినంత సాక్ష్యం ఇంకా చూడలేదని అర్థం, అక్కడ ఊహలతో టైము పోగొట్టుకోవద్దు. ముఖం కింద త్రికోణాలు ఎన్ని ఎక్కువుంటే అంత కష్టం, ఒకటి ఉన్నవాళ్లతో మొదలుపెట్టాలి. పేరూ గతీ సరిగ్గా రాసినవి మూడు చేరితేనే గేము సరేనని ముద్ర వేస్తుంది. అందుకే రెండు ఖాయంగా తెలిసినప్పుడు, మూడోదాన్ని మార్చి మార్చి చూడవచ్చు. కానీ అలా చేస్తే అసలు రుచి పోతుంది. మాట యాసను వినండి, బట్టలు చూడండి, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో చూడండి.

పన్నెండో వారంలో పోర్టల్, వాల్వ్ వాళ్ల 2007 గేము, 19 పరీక్ష గదులు. దీన్ని కావాలనే చివరికి ఉంచాను. గోడలో ఒక రంధ్రం, నేలలో ఒక రంధ్రం తెరిచి, ఒకదాంట్లో దూరితే రెండోదాంట్లోంచి వస్తాం. గోడ నుంచి గోడకైతే ఏమీ కాదు. నేలలో పడి గోడలోంచి బయటికి వస్తే, బయటికి వచ్చాక లోకం ఒరిగి ఉండి మెల్లగా నిటారుగా సర్దుకుంటుంది. ఆ సర్దుకునే క్షణమే చంపుతుంది. పడేముందు కళ్లు మూసి, ఒకటి లెక్కపెట్టి తెరిస్తే ఆ ఒరగడం చాలావరకు తప్పుతుంది. పడిన వేగం అవతలికి అలాగే వస్తుందన్నది గేములోని అసలు కిటుకు, ఎత్తు నుంచి దూకినకొద్దీ దూరం ఎగురుతాం. అరగంట చొప్పున ఏడు సార్లలో ముగించాను. ఎగిరే గదులున్న రోజుల్లో ఇరవై నిమిషాలకే ఆపాను.

అదే వారం బెంగళూరు లాల్‌బాగ్ తోటలో కెంపేగౌడ బురుజున్న బండ ఎక్కాను. ఎగుడుదిగుడు రాయి మీద తల పక్కకు తిప్పుతూ నడవడం నాకిచ్చిన చివరి వ్యాయామం. ఎక్కడం తేలిక, దిగేటప్పుడు చూపు పాదాల మీద కాకుండా నాలుగైదు అడుగుల ముందుండాలి. ఇప్పటికీ చీకట్లో నిలకడ తప్పుతుంది, అప్పుడు కళ్లు కూడా సాయం రావు. మంచానికీ బాత్రూముకీ మధ్య చిన్న లైటు ఒకటి రాత్రంతా వెలుగుతూ ఉంటుంది.