పరంగిమలై శిలువను చెక్కినదెవరు?

గుంటూరు నుంచి వచ్చిన మా మేనత్తను గత ఆదివారం చెన్నైలోని పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) కొండ మీది గుడికి తీసుకువెళ్ళాను. బలిపీఠం వెనుక గోడలో పొదిగిన రాతి శిలువ ఎదుట చాలాసేపు మోకరించి, దిగివచ్చేటప్పుడు, "తోమాసుగారే స్వయంగా చెక్కారటగా, నిజమేనంటావా?" అని అడిగింది. అప్పటికి నసిగి ఊరుకున్నాను.

క్రీస్తు శిష్యుల్లో ఒకడు, అపొస్తలుడైన తోమాసు క్రీ.శ. 72లో ఈ కొండ మీదే ఈటె పోటుకు ప్రాణం విడిచాడని సంప్రదాయం. శిలువ బయటపడింది మాత్రం 1547లో, పోర్చుగీసువారు గుడికి పునాదులు తవ్విస్తుండగా. 1558 డిసెంబరు 18న పూజ జరుగుతున్నప్పుడు దానికి నెత్తుటి చెమట పట్టిందనీ, 1704 వరకు అలా పలుమార్లు జరిగిందనీ చెబుతారు. చెమట సంగతి భక్తులకు వదిలి, శిలువ చుట్టూ ఉన్న అక్షరాల దగ్గరకు వస్తాను.

ఆ లిపి పహ్లవీ, అంటే ఇస్లాముకు ముందునాటి పర్షియాలో వాడిన లిపి. పోర్చుగీసువారు ఒక బ్రాహ్మణ పండితుణ్ణి పిలిపించి చదివిస్తే, ఆయన ఆ కొద్దిపాటి గీతల నుంచి తోమాసు కథంతా వినిపించాడు. పిలిచినవారు ఏమి వినగోరుతున్నారో ఆయనకు తెలిసే ఉంటుంది. 1873లో బర్నెల్ అనే ఆంగ్లేయ పండితుడు దీనిని పరిశీలించి, 7వ లేదా 8వ శతాబ్దానిదని అంచనా వేశాడు. తరువాత వింక్‌వర్త్ అనే మరో పండితుడు చదివిన ప్రకారం అది ఒక చిన్న ప్రార్థన: చాహర్‌బుఖ్త్ కుమారుడు, సిరియనుడు అయిన అఫ్రాస్ మీద దయ చూపమని క్రీస్తును వేడుకోవడం. పండితులందరూ ఒకే పాఠాన్ని ఒప్పుకోలేదు గాని, తోమాసు పేరు మాత్రం అందులో లేదు. పైగా శిలువను బహిరంగంగా చెక్కి ఆరాధించడం క్రైస్తవుల్లో వ్యాపించింది 4వ శతాబ్దం తరువాతే.

అలాగని దీనిని పోర్చుగీసువారి కల్పన అనేవారితోనూ నేను ఏకీభవించను. తమకు చదవనైనా రాని లిపిని వారు ఎలా చెక్కించగలరు? ఇదే లేఖనంతో కేరళలోని కొట్టాయం, ముట్టుచిర, కడమట్టం గుళ్ళలోనూ శిలువలున్నాయి. ఒకదానిని చూసి మరొకటి చెక్కారో, అన్నింటినీ ఒకరే చెక్కించారో గాని, పర్షియాతో సంబంధమున్న క్రైస్తవులు పోర్చుగీసువారికి ఎన్నో శతాబ్దాల ముందే ఇక్కడ ప్రార్థించారనడానికి ఈ రాయి అసలైన సాక్ష్యం. నా దృష్టిలో దాని విలువ అక్కడే ఉంది.

నిన్న ఫోనులో ఇదంతా చెబితే అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ అఫ్రాసు పేరు సరిగ్గా రాసి పంపరా, ప్రార్థనలో తలుచుకుంటాను" అంది.