పసుపు పెన్సిల్, నీలం పెన్సిల్

అల్మరా సర్దుతుంటే పాత కరెంటు బిల్లు ఒకటి దొరికింది. వెనకాల నాన్న రాత. ఇంటర్ అయ్యాక బి.ప్లానింగ్ (ఊళ్లు, పట్టణాలు ఎలా పెరగాలో ప్లాన్ చేసే డిగ్రీ) చదువుతానంటే ఆ రాత్రి వేసిన లెక్క. ఒక పక్క ప్రైవేటు కాలేజీ ఫీజు, హాస్టలు, లోను వడ్డీ. ఇంకో పక్క విజయవాడ స్పా, అంటే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ అనే కేంద్ర ప్రభుత్వ కాలేజీ.

"ఇంటి ప్లాన్లు గీయడానికి నాలుగేళ్లెందుకురా?" అన్నాడు బాబాయి.

ప్రైవేటు కాలేజీవాళ్లు వంద శాతం ప్లేస్‌మెంట్ అన్నారు. ఎక్కడ, ఎంత జీతానికి అని నాన్న అడిగితే కాఫీ తెప్పించారు!

జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బి అని ఒకటుందని మా ఊళ్లో ఎవరికీ తెలియదు. లెక్కలు, ఆప్టిట్యూడ్, ప్లానింగ్ ప్రశ్నలు. డ్రాయింగ్ ఉండదు, నా అదృష్టం. జోసా కౌన్సెలింగ్‌లో స్పా సీటొచ్చింది.

తర్వాత ల్యాండ్ యూజ్ సర్వే, అంటే ఏ స్థలం దేనికి వాడుతున్నారో చూడటం. మ్యాపు పట్టుకుని ఎండలో వీధివీధీ తిరగడం. ఇళ్లకు పసుపు, షాపులకు నీలం. కింద కిరాణా కొట్టు, పైన కాపురం ఉంటే? నేను పెన్సిళ్లు పట్టుకుని ఆలోచిస్తుంటే కొట్టు పెద్దావిడ, "రెండూ వెయ్యి నాయనా, పన్ను మాత్రం పెంచకు" అంది.

జీతాలా? మొదట్లో సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్ ముందు నోరెత్తలేం. జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపుల పని) బాగా వస్తే కన్సల్టెన్సీల్లో పని దొరుకుతుంది. టౌన్ ప్లానింగ్ నోటిఫికేషన్లు మాత్రం ఎప్పుడు పడతాయో దేవుడికే ఎరుక. అందుకే పీజీ కోసం గేట్ పరీక్ష రాశా. ఇప్పుడు ఎం.ప్లానింగ్, నెలకు 12,400 స్టైపెండు. మెస్ బిల్లుకు ఇంటికి ఫోన్ చెయ్యడం మానేశా.

బిల్లు వెనక ప్రైవేటు వైపు చివర్లో నాన్న రాసుకున్నది: "లోను తీరేది 2031".