అంజూరపు ముద్ద

మా ఇంట్లో తిట్లు ప్రార్థన రూపంలో వస్తాయి. రాత్రి ఎనిమిదిన్నరకు కుటుంబ ప్రార్థన. అమ్మ చాప పరుస్తుంది, నాన్న కుర్చీలో కూర్చుంటారు. ఒక కీర్తన, ఒక అధ్యాయం, ఆ తరువాత నాన్న ప్రార్థన. మొదట దేశాన్ని ఏలేవారు, తరువాత సంఘం, తరువాత వర్షాలు, చివరికి నేను. "ప్రభువా, ఈ ఇంట్లో మెడ వంచని బిడ్డ ఒకతె ఉంది..." అని ఎత్తుకుంటారు. ఆ రోజు నేను ఆఫీసు నుంచి ఎన్ని గంటలకు వచ్చానో, ఏ సంబంధం కాదన్నానో, అమ్మకు ఏమని ఎదురు చెప్పానో అన్నీ దేవుడికి వివరంగా అందుతాయి. కళ్ళు మూసుకుని చేతులు జోడించిన మనిషికి జవాబు చెప్పడానికి ఉండదు కదా. చివర్లో ఆమేన్ అనాలి, అంతే. నాకు 36 ఏళ్ళు వచ్చేవరకూ అలాగే అన్నాను.

సరిగ్గా ఆ మెడ మీదే గడ్డ లేచింది.

2022 జులై. సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దాటేసరికి ఒళ్ళు వెచ్చబడేది. మెట్టుగూడలో దిగి ఇంటికి నడిచేసరికి కాళ్ళు తేలిపోయేవి. రాత్రి దిండు తడిసేది. వానాకాలపు జ్వరమని నెల రోజులు నమ్మాను. 57 కిలోల బరువు 48కి వచ్చింది. ఒళ్ళు తగ్గిందని ఆఫీసులో మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఒక ఆదివారం చర్చికి తయారవుతూ గొలుసు పెట్టుకోబోతే కుడి చెవి కింద నేరేడు గింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు.

నాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. మా చర్చిలో సంఘ పెద్ద. గడ్డ చూసి, ఒలీవ నూనె సీసా తెచ్చి, బొటనవేలితో దాని మీద రాసి ప్రార్థన చేశారు. ఆ నూనె మీద నాకు కోపం లేదు. ఆయన వేలు వణకడం నా చర్మానికి తెలిసింది. కోపం తరువాతి మాట మీద: "ఏ పాపం వల్ల వచ్చిందో నిన్ను నువ్వు పరీక్షించుకో." పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు యేసును అడిగిన ప్రశ్న అదే. అతని పాపమూ కాదు, అతని తలిదండ్రుల పాపమూ కాదు అన్నాడాయన. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం. నాన్నకు కంఠతా వచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాన్న పదిహేనేళ్ళుగా రోజూ పొద్దున బీపీ మాత్ర వేసుకుంటారు. అదేమిటని అడిగితే "అది జబ్బు కాదు, వయసు" అంటారు.

ఆసుపత్రిలో సన్నని సూదితో గడ్డలోంచి కొంచెం తీసి పరీక్షకు పంపారు. లింఫు గ్రంథుల క్షయ, అంటే టీబీ, అని తేలింది. డాక్టరు నాకంటే చిన్నది. ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, మీ నుంచి ఇది ఎవరికీ అంటదు, ఆరు నెలలు రోజూ మాత్రలు వేసుకుంటే పోతుంది" అంది. ఆ "ఎవరికీ అంటదు" అన్న మాటను కాగితం మీద రాసి ఇమ్మని అడిగాను. ఆవిడ నవ్వింది కానీ రాసి, సంతకం కూడా పెట్టింది. నాన్న ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు, నాలుగు మడతలు పెట్టి బైబిలు అట్టలో దాచారు. మళ్ళీ దాని ఊసెత్తలేదు. అమ్మ మాత్రం మరునాడు నా స్టీలు కంచం వెనక, గ్లాసు అడుగున నా గోళ్ళరంగుతోనే ఎర్రటి గీత గీసింది. "నలుగురికీ తెలిస్తే ఇక సంబంధాలు రావు" అంది. కంచానికి గీత గీసి ఇంటి గుట్టు దాచడం అమ్మకే సాధ్యం.

నాన్న పెద్దక్క సంగతి నాకు అప్పుడే తెలిసింది. అదీ అమ్మ గొణుగుడులోంచి. ఆమెను వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లోని శానిటోరియానికి తీసుకెళ్ళారట. తిరిగి రాలేదట. ఆ రోజుల్లో మందులు ఏడాదికి పైగా వాడాలి, పైన రోజూ సూదులు. చాలామంది మధ్యలోనే మానేసేవారు. నాన్నకు అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ పిల్లవాడు ఎంత ప్రార్థించి ఉంటాడో నేను ఊహించగలను. దానితో నాన్న మాటలేమీ మెత్తబడలేదు. నాకు అర్థం కావడం వేరు, ఆయన మారడం వేరు.

సెప్టెంబరు 12న మందులు మొదలయ్యాయి. ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా ఇచ్చారు. పరగడుపున మూడు మాత్రలు, ఒక్కోదానిలో నాలుగు మందులు కలిపి. వేసుకున్న గంటకు కడుపులో తిప్పేది. మూత్రం నారింజ రంగులోకి మారుతుందని ముందే చెప్పారు. కన్నీళ్ళకు కూడా ఆ రంగు వస్తుందని మాత్రం తెల్ల చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకున్న రోజే నమ్మాను. పోషణకు ప్రభుత్వం నెలకు 500 రూపాయలు నా ఖాతాలో వేసింది. వాటితో గుడ్లు కొన్నాను. "రోగానికి జీతమా?" అన్నారు నాన్న. గుడ్లు మాత్రం ముగ్గురం తిన్నాం.

అక్టోబరు మొదటి ఆదివారం చర్చిలో ప్రభురాత్రి భోజన సంస్కారం ఉండింది, బల్ల దగ్గరకు వెళ్ళి రొట్టె, ద్రాక్షరసం తీసుకునేది. నాన్న ముందు రాత్రే చెప్పారు, "నువ్వు బల్ల దగ్గరకు రావద్దు, ఎవరైనా తరువాత వేలు చూపిస్తారు" అని. డాక్టరు కాగితం ఆయన బైబిలులోనే ఉంది. ఆ బైబిలు ఒళ్ళో పెట్టుకునే ముందు వరుసలో కూర్చున్నారు. నేను వెనక బెంచీ మీద, తలుపు పక్కన కూర్చున్నాను. అందరూ లేచి వెళ్తుంటే పాట పుస్తకం తిరగేస్తూ ఉండిపోయాను.

రెండో నెల దాటాక గడ్డ తగ్గాల్సింది పోయి పెరిగింది. నేరేడు గింజ ఉసిరికాయంత అయింది, పక్కన ఇంకొకటి లేచింది, పైన చర్మం ఎర్రబారింది. "చూశావా, నీ నమ్మకం మాత్రల మీద ఉంది, అందుకే" అన్నారు నాన్న. మూడు రోజుల ఉపవాస ప్రార్థనకు కూర్చోమన్నారు. నేను ఉపవాసం ఉండలేదు. నాలుగు రోజులు మాత్రలు మానేశాను. ఆయన చెప్పారని కాదు, ఆయన చెప్పింది నిజమేమోనని. ఆ తేడా బయటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

ఐదో రోజు ఆశా కార్యకర్త ఇంటికే వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, లోపల నాన్న దగ్గుతున్నా పట్టించుకోకుండా, "అక్కా, రేపు నాతో రావాలి" అంది. డాక్టరు నన్ను కోప్పడింది. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయట, అప్పుడు చికిత్స ఇంకా పొడవు, ఇంకా కష్టం. గడ్డ పెరగడం గురించి మాత్రం నెమ్మదిగా వివరించింది. మందుకు క్రిములు చస్తున్నప్పుడు, ఆ చచ్చినవాటి మీదకు ఒంట్లోని రక్షణ బలం విరుచుకుపడి వాపు తెస్తుంది. కొందరిలో మందు పనిచేస్తుంటేనే గడ్డలు పెరుగుతాయి, ఒక్కోసారి పగులుతాయి కూడా. నాది పగిలింది, నవంబరు చివర్లో, దిండు మీద.

ఆ రోజుల్లో నేను ప్రార్థన చేయలేకపోయాను. దేవుడు లేడనిపించి కాదు. మోకరిస్తే ఆయన కూడా నాన్న గొంతుతోనే మాట్లాడేవాడు. అదే దగ్గు, అదే "మెడ వంచని బిడ్డ". ఆఫీసులో ఒక స్నేహితురాలు, "ఇంత బాధపెట్టే మతం ఎందుకు, వదిలెయ్యి" అంది. మంచి మనసుతోనే అంది. కానీ నాన్న నాకు ఇచ్చిన వాటన్నిటిలోకీ నాకు నిజంగా కావలసింది అదొక్కటే. దాన్ని కూడా ఆయనకే వదిలేసి నేను ఎందుకు పోవాలి?

బైబిలులో హిజ్కియా రాజు కథ నాన్నకు ఇష్టం. రాజుకు మరణకరమైన జబ్బు చేయడం, గోడవైపు ముఖం తిప్పుకుని ఏడుస్తూ ప్రార్థించడం, దేవుడు 15 ఏళ్ళ ఆయుష్షు పెంచడం ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. మెడ కుడివైపు తిప్పలేక నేనూ గోడవైపే పడుకుని ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం ఫోనులో ఆ కథ ఉన్న యెషయా గ్రంథం 38వ అధ్యాయం తెరిచాను. నాన్న ఎప్పుడూ ఎక్కడ ఆపుతారో అక్కడ ఆపకుండా చివరిదాకా చదివాను. 21వ వచనం. రాజు పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా చెప్పాడు, అతడు బాగుపడతాడని. మళ్ళీ చదివాను. రాజుకు ఉన్నది పుండు. ఆయుష్షు పెంచుతానని మాట ఇచ్చిన దేవుడి ప్రవక్తే కట్టు కట్టమన్నాడు. చాలా రోజుల తరువాత నవ్వొచ్చింది, పుండు మీద చర్మం లాగి కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. నారింజ రంగువే.

ఆ రాత్రి వాక్యం చదివే వంతు నాది. 38 మొత్తం చదివాను. 20 అయ్యాక నాన్న కళ్ళద్దాలు తీశారు, అయిపోయిందనుకుని. నేను 21 చదివాను, గొంతు పెంచకుండా. నాన్న మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుని తన పుస్తకంలో వెతికి చూసుకున్నారు. ఆ తరువాత ప్రార్థించారు: "ప్రభువా, నీ వాక్యాన్ని తమకు అనుకూలంగా వాడుకునేవారిని క్షమించు." జీవితంలో మొదటిసారి నేను ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచాను. ఎదురుగా అమ్మ కూడా కళ్ళు తెరిచే ఉంది. నావైపే చూస్తోంది. ఎన్నేళ్ళుగా అలా తెరిచే ఉంచుతోందో నాకు తెలియదు. ముందు ఆమే మూసుకుంది.

నాన్న ఆమేన్ అన్నాక నేను అనలేదు. "నాన్నా, ఇప్పుడు మీరు దేవుడితో అన్నదానికి నేను మీకు జవాబు చెబుతాను" అన్నాను. ఆయన లేచి గదిలోకి వెళ్ళిపోయారు. మరునాడు కూడా అలాగే చెప్పాను, ఆ మరునాడూ. వారం తరువాత ప్రార్థనలో నా వంతు కాస్త చిన్నదయింది. పోలేదు.

తండ్రినీ తల్లినీ సన్మానించమన్న ఆజ్ఞను నేను తేలికగా తీసుకోను. కరెంటు బిల్లు నేనే కడతాను, అమ్మను మోకాళ్ళ నొప్పులకు ఆసుపత్రికి నేనే తీసుకెళ్తాను, నాన్న ముందు గొంతెత్తను. కానీ పిల్లలు లోబడాలని ఎఫెసీయులకు రాసిన పౌలు, ఆ వెంటనే పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులకూ రాశాడు. మా ఇంట్లో ఆ పేజీ సగం నుంచి చిరిగిపోయినట్టుంటుంది. ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళలేదని అడుగుతారు. అద్దెలు ఒక కారణం. అమ్మ మోకాళ్ళు ఇంకొకటి. మూడోది నాకూ సరిగ్గా తెలియదు.

కట్టు రోజూ అమ్మే మార్చింది. ఒక్క రోజూ జాలిగా మాట్లాడలేదు. "తల అటు తిప్పు" అనేది, "కదలకు" అనేది. సెలైను నీళ్ళలో గాజుగుడ్డ తడిపి, అంచుల నుంచి లోపలికి కాకుండా లోపలి నుంచి అంచులకు తుడిచేది, నర్సు ఒక్కసారి చూపిస్తే నేర్చుకుంది. పాత కట్టు అంటుకుపోతే లాగేది కాదు, నానేదాకా తడి గుడ్డ అదిమిపెట్టి కూర్చునేది. ఆ నాలుగైదు నిమిషాలు ఆమె ఊపిరి నా చెవికి తగిలేది. తరువాత చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, నాకు గీత ఉన్న కంచంలోనే అన్నం పెట్టేది.

డిసెంబరు మొదటి ఆదివారం నేను లేచి బల్ల దగ్గరకు వెళ్ళాను, మెడకు కట్టుతోనే. నాన్న నావైపు తిరగలేదు. పాస్టరు అయ్యగారు అందరికీ ఇచ్చినట్టే నాకూ ఇచ్చారు. నెలాఖరున 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికి ఒక్కొక్కరికి ఒక్కో బైబిలు వచనం ఉండే వాగ్దాన కార్డు తీస్తే, నాకు భోజనపు బల్ల చుట్టూ ఒలీవ మొక్కల్లాంటి పిల్లలున్న వచనం వచ్చింది. ఈ సంవత్సరం నా పెళ్ళి ఖాయమని నాన్న అదే రాత్రి ఇద్దరికి ఫోను చేశారు.

జనవరికి పుండు మానింది. మార్చి మధ్యలో మాత్రలు ఆగాయి. బరువు 55. చెవి కింద ముడుచుకుపోయిన మచ్చ మిగిలింది.

ఆ నెలాఖరున, ఈస్టరుకు ముందు వచ్చే లెంటు కాలపు గృహ కూటమిలో, నాన్న నా గురించి చెప్పారు. నూనె రాసి ప్రార్థిస్తే ప్రభువు తన కూతుర్ని స్వస్థపరిచాడని. ఏ జబ్బో చెప్పలేదు. "లేచి సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు. ముప్ఫై మంది దాకా ఉన్నారు. లేచాను. "నాకు క్షయ వచ్చింది" అన్నాను. ఎవరో పాట పుస్తకం కింద పడేశారు. "నాన్న ప్రార్థించారు. ఆరు నెలలు రోజూ మాత్రలు వేసుకున్నాను. నాలుగు రోజులు మానేసి తప్పు చేశాను. అమ్మ రోజూ కట్టు కట్టింది. ఇన్నిటికీ దేవునికి స్తోత్రం." కాసేపటికి కానీ ఎవరూ స్తోత్రం అనలేదు. మొదట అన్నది అమ్మ.

బయట చెప్పులు వెతుక్కుంటుంటే, నాకు ముఖపరిచయం మాత్రమే ఉన్న ఒకావిడ దగ్గరకు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా చిన్నవాడికి కూడా ఇక్కడే లేచిందమ్మా, రెండు నెలలైంది" అని తన మెడ తాకి చూపించింది. "ఆ మాత్రలు ఎక్కడ ఇస్తారు?" సంచిలో కాగితం దొరకలేదు. పాటల కాగితం వెనక దారి రాసి ఇచ్చాను, పొద్దున ఎన్ని గంటలకు వెళ్ళాలో, కిటికీ ఎటువైపు ఉంటుందో. గేటు దగ్గర నాన్న స్కూటరు స్టార్టు చేసి ఉంచారు.

"ఇంకా ఎంతసేపు?" అన్నారు.

"రెండు నిమిషాలు నాన్నా" అని, ఆవిడ ఫోను నంబరు రాసుకున్నాను.