నల్లపొగ బస్సుకు ఫిట్‌నెస్ ఎలా దొరుకుతుంది?

బస్సు పొగ ఏ రంగులో ఉందో అందరూ చూస్తారు. ఎప్పుడు వస్తోందో చూసేవాళ్లు తక్కువ. స్టాపులోంచి కదిలేటప్పుడో, గేరు మారినప్పుడో ఒక్కసారి బుస్సుమని వచ్చి ఆగిపోతే పాత టర్బో ఇంజన్లకు అది మామూలే. టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే ఫ్యాన్, వేగం అందుకునేలోపే డీజిల్ వెళ్లిపోతుంది, గాలి వెనకబడుతుంది. ఫ్లైఓవర్ ఎక్కినంతసేపూ నల్లగా కక్కుతూనే ఉంటే మాత్రం ఆ బండి షెడ్డుకు పోవాల్సిందే.

తెల్లపొగ, నీలంపొగ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పొద్దున స్టార్ట్ చేసిన కాసేపు తెల్లగా వచ్చి పోతే ఇంజన్ చల్లగా ఉందని అర్థం. వేడెక్కాక కూడా తెల్లగానే ఉండి రేడియేటర్‌లో నీళ్లు తరుగుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజన్ తలకూ దిమ్మెకూ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. నీలంగా వస్తే ఇంజనాయిల్ కాలుతున్నట్టు. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ కాగానే నీలంగా వదిలి తగ్గిపోతే వాల్వ్ సీళ్లు పోయాయి. లోడు మీద పెరుగుతుంటే పిస్టన్ రింగులు, సిలిండర్ లైనర్లు అరిగాయి. చాలాసేపు ఐడిల్‌లో ఉంచి ఎక్సిలరేటర్ తొక్కగానే గుప్పుమంటే ముందు టర్బో సీల్ చూడాలి.

అసలు కథ నల్లపొగది. లోపలికి వెళ్లిన డీజిల్‌కు సరిపడా గాలి అందకపోతే అది మసిగా మారి బయటికొస్తుంది. అంతకుమించి రహస్యం ఏమీ లేదు. కాబట్టి వెతుకులాట ఎప్పుడూ గాలి వైపు నుంచి మొదలవ్వాలి. మన మెకానిక్‌లలో ఎక్కువమంది తిన్నగా డీజిల్ పంపు మీద చెయ్యి వేస్తారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ముందు ఎయిర్ ఫిల్టర్. డబ్బా పక్కన చిన్న రెస్ట్రిక్షన్ ఇండికేటర్ ఉంటుంది. ఫిల్టర్ మూసుకుపోతే ఎర్రగా కనబడుతుంది. చాలా బస్సుల్లో ఆ ఇండికేటర్ పగిలిపోయి ఉంటుంది, లేదా ఊడదీసి ఆ రంధ్రంలో బోల్టు బిగించి ఉంటుంది. బయటి ఎలిమెంట్‌ను కంప్రెసర్ గాలితో ఊదొచ్చు గానీ లోపలి నుంచి బయటికే ఊదాలి, అదీ 5 బార్ దాటకుండా. బయటి నుంచి ఊదితే దుమ్ము మడతల్లోకి మరింత దిగుతుంది. ఊదాక చీకట్లో లోపల ఒక బల్బు పెట్టి చుట్టూ తిప్పి చూడాలి. కాగితంలో సూదిమొనంత వెలుగు కనిపించినా ఆ ఎలిమెంట్ పనికిరాదు. ఆ రంధ్రంలోంచి వెళ్లే ఇసుక లైనర్లను గీకేస్తుంది. లోపల ఉండే రెండో చిన్న ఎలిమెంట్‌ను మాత్రం ఊదకూడదు, కడగకూడదు. మార్చడం ఒక్కటే దారి. దాన్ని నేలకేసి దులిపి మళ్లీ పెట్టడం మన షెడ్లలో రోజూ కనిపించే దృశ్యం.

ఫిల్టర్ బాగుంటే టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలు చూడాలి. క్లిప్పు కింద చీలిక ఐడిల్‌లో కనిపించదు. లోడు మీద గాలి ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. సబ్బునీళ్లు రాసి ఒకరు ఎక్సిలరేటర్ తొక్కుతుంటే మరొకరు బుడగలు చూడాలి. గొట్టం చుట్టూ నూనె మసి పట్టి ఉంటే బుడగలతో పనే లేదు, లీకు అక్కడే ఉంది.

ఆ తర్వాత ఇంజెక్టర్ల మొనలో ఉండి డీజిల్‌ను చిమ్మే నాజిల్స్. పాత మెకానికల్ పంపు బండ్లలో ఇంజెక్టర్ విప్పి నాజిల్ టెస్టర్ మీద పెట్టి లివర్ కొట్టాలి. కంపెనీ చెప్పిన ఒత్తిడి దగ్గర టక్కున తెరుచుకుని పొగమంచులా సన్నగా చిమ్మాలి. ధారగా కారినా, ఒక రంధ్రం మూసుకుని ఓ పక్కకే పోయినా నాజిల్ మార్చాలి. తెరుచుకునే ఒత్తిడికి 20 బార్ తక్కువలో 10 సెకన్లు పట్టి ఉంచితే మొన దగ్గర చుక్క రాలకూడదు. చుక్క రాలే నాజిల్ పిస్టన్ మీద మంట పెడుతుంది. కొన్నాళ్లకు పిస్టన్ కరిగి రంధ్రం పడినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇవేవీ చూడకుండా జరిగే పని ‘పంపు పెంచడం’. బండి లాగడం లేదని డ్రైవర్ చెబుతాడు. నిజానికి ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, లేదా కంప్రెషన్ తగ్గి ఉంటుంది. అది వదిలేసి పంపు మీద గరిష్ఠ ఇంధనం నియంత్రించే స్క్రూను కాస్త తిప్పుతారు. రెండు రోజులు బండి బాగా లాగినట్టు అనిపిస్తుంది. డీజిల్ ఎక్కువ, గాలి అంతే కాబట్టి పొగ పెరుగుతుంది. ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. మసి ఇంజనాయిల్‌లో కలిసి అది తారులా చిక్కబడుతుంది. రింగులు గాడుల్లో ఇరుక్కుపోతాయి. ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పున బ్యాక్ కంప్రెషన్, అంటే రింగుల పక్క నుంచి కిందికి జారిన గాలి, కొడుతుంది. ఇక నల్లపొగకు నీలంపొగ తోడవుతుంది. ఒక ఫిల్టర్ ఖర్చు మిగిలిందనుకున్న చోట ఇంజన్ పనికి దిగాల్సి వస్తుంది.

ఆర్టీసీ డిపోల్లో ఈ జబ్బు కొంత ముందే దొరకడానికి కారణం కేఎంపీఎల్. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో బండివారీగా, డ్రైవర్‌వారీగా లెక్క కడతారు. పొగ కళ్లకు కనిపించేలోపే ఆ అంకె పడిపోతుంది. సొంత బస్సు తిప్పేవాళ్లు కూడా ప్రతిసారీ ట్యాంకు నోటివరకు కొట్టించి, మీటరు చూసి రాసుకుంటే చాలు. పుస్తకం ఖరీదు తప్ప ఏమీ కాదు.

ఇక పొల్యూషన్ సర్టిఫికెట్. డీజిల్ బండికి చేసేది ఫ్రీ ఎక్సిలరేషన్ పరీక్ష. బండి న్యూట్రల్‌లో ఉంటుంది. సైలెన్సర్‌లో ప్రోబ్ పెట్టి, పొగలోంచి వెలుతురు ఎంత ఆగిపోతోందో స్మోక్ మీటర్‌తో కొలుస్తారు. భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో నాలుగోదైన బీఎస్-4కు ముందు బండ్లకు హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ మందం కొలత), అదే మందాన్ని చెప్పే మరో కొలత కె విలువలో అయితే మీటరుకు 2.45. బీఎస్-4 బండ్లకు 50 యూనిట్లు, కె విలువ 1.62. పాత బండ్ల సర్టిఫికెట్ ఆరు నెలలకు, బీఎస్-4, ఆ తర్వాతి బండ్లది ఏడాదికి.

న్యూట్రల్‌లో లోడు ఎక్కడిది అనే ప్రశ్న న్యాయమైనదే. ఐడిల్ నుంచి గవర్నర్ (ఇంజన్ గరిష్ఠ వేగాన్ని కట్టడి చేసే భాగం) ఆపేంత వేగం దాకా ఫ్లైవీల్ అనే బరువైన చక్రాన్ని ఒక్కసారిగా పరుగెత్తించడమే ఇక్కడ ఇంజన్‌కు పడే లోడు. అందుకే పెడల్ ఒక్క తొక్కుడులో చివరికంటా పోవాలి. గవర్నర్ వేగం అందుకున్నాకే వదలాలి. మెల్లగా తొక్కితే పంపు పూర్తి ఇంధనం ఇవ్వనే ఇవ్వదు, టర్బోకు అందుకునే తీరిక దొరుకుతుంది, పొగ రాదు. ఎంత కక్కే బస్సునైనా ఓర్పుగల కాలు పాస్ చేయించగలదు. దీన్ని పట్టుకోవడానికే ఇంజన్ ఆర్‌పీఎం, ఇంజనాయిల్ వేడి కొలిచే సెన్సర్లు పెట్టాలని పరీక్ష పద్ధతిలో ఉంది. ఆయిల్ కనీసం 60 డిగ్రీల వేడిలో ఉండాలి. కొలిచే ముందు కొన్నిసార్లు తొక్కి వదిలి సైలెన్సర్‌లో పేరుకున్న మసిని ఊదేయాలి. వరుసగా వచ్చే రీడింగులు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నప్పుడే సగటు తీయాలి. రోడ్డు పక్క వ్యాన్‌లో ఆర్‌పీఎం క్లిప్పు తగిలించకుండా, ప్రోబ్ రెండంగుళాలు లోపల పెట్టి ఇచ్చిన కాగితం మీద అంకె ఉంటుంది. దాని విలువ మాత్రం కాగితం విలువే.

ఫిట్‌నెస్‌కూ ఇదే తెగులు. మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం ఫిట్‌నెస్ లేని ట్రాన్స్‌పోర్ట్ బండికి రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టే. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆపైన ఏటా చేయించాలి. మన దగ్గర స్కూలు బస్సులకు ఏటా మే 15తో గడువు ముగుస్తుంది. దాంతో బడులు తెరిచేలోపు పసుపు బండ్లన్నీ ఒక్కసారే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చి నిలబడతాయి. ఒక్కో బండికి దక్కేది కొన్ని నిమిషాలే. ఆ కొద్దిసేపటి కోసమే బండిని తయారు చేసే విద్య ఒకటుంది. పంపు స్క్రూ తగ్గిస్తారు. కొత్త ఫిల్టర్ పెడతారు. మరో బండి మంచి టైర్లు దీనికి ఎక్కిస్తారు. అరువు తెచ్చిన మంటలార్పే సిలిండర్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె అద్దం దగ్గర ప్రత్యక్షమవుతాయి. సర్టిఫికెట్ చేతికొచ్చాక టైర్లు ఎవరివి వాళ్లకు, స్క్రూ మళ్లీ పాత చోటికి.

దీనికి మందు కొత్త చట్టమేమీ కాదు. పంపు స్క్రూకు సర్వీస్ సెంటర్ వాళ్లు వేసే సీసం సీలు తెగి ఉందో లేదో చూడటానికి అర నిమిషం చాలు. టైరు పక్కగోడ మీద సీరియల్ నంబరు, ఎప్పుడు తయారైందో చెప్పే నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరు టైర్ల నంబర్లూ తనిఖీ రిపోర్టులో రాసి, నెల తర్వాత రోడ్డు మీద అదే బండిని ఆపి సరిపోల్చితే అరువు టైర్ల వ్యాపారం మూతపడుతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని రూలు. వానాకాలంలో అంతదాకా వాడటం నా దృష్టిలో దుస్సాహసం.

బ్రేకుల విషయంలో కన్ను మరీ మోసపోతుంది. ఎయిర్ బ్రేక్ బండిలో గేజి నిండుగా చూపిస్తున్నా, పెడల్ బాగానే ఉన్నట్టు అనిపించినా లైనింగ్ అరిగి, ఆ సందును సరిచేసే స్లాక్ అడ్జస్టర్ బిగించకపోతే బ్రేకును నెట్టే పుష్‌రాడ్ చివరిదాకా వచ్చేస్తుంది. చదును రోడ్డు మీద తెలియదు. ఘాట్‌లో డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించాక ఇంకా నెట్టడానికి రాడ్‌కు చోటే మిగలదు. చక్రాలకు అడ్డు పెట్టి, పార్కింగ్ బ్రేక్ వదిలి, ఛాంబర్ (గాలి ఒత్తిడితో రాడ్‌ను నెట్టే డబ్బా) ముఖం దగ్గర రాడ్ మీద సుద్దముక్కతో గీత పెట్టాలి. ఒకరు గట్టిగా బ్రేకు తొక్కి పడితే గీత ఎంత జరిగిందో కొలవాలి. 30 సైజు మామూలు ఛాంబర్‌కు 50 మిల్లీమీటర్లు దాటిందంటే బండి కదలకూడదు. ఎడమ, కుడి చక్రాల మధ్య తేడా ఉన్నా బండి ఓ పక్కకు లాగుతుంది. రోజూ ఎయిర్ ట్యాంకుల కింద డ్రెయిన్ లాగితే నీళ్లు పోతాయి. నీళ్లతో పాటు నల్లటి నూనె జిడ్డు వస్తుంటే కంప్రెసర్ రింగులు అరిగినట్టే.

ఈ తేడాలను రోలర్ బ్రేక్ టెస్టర్ చక్రంవారీగా అంకెల్లో చూపిస్తుంది. హెవీ వాహనాలకు ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలోనే ఫిట్‌నెస్ అన్న నిబంధనను మొదట 2023 ఏప్రిల్ 1కి పెట్టి, తర్వాత 2024 అక్టోబర్ 1కి జరిపారు. మంచి మార్పే. కాకపోతే అరువు టైరు రోలర్ మీద కూడా బాగానే తిరుగుతుంది.

రోడ్డు మీద తనిఖీలు మన దగ్గర ప్రమాదాల వెంట వస్తాయి. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర వోల్వో బస్సు కాలి 45 మంది చనిపోయాక, 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర బస్సు కాలి 19 మంది ప్రయాణికులు చనిపోయాక ప్రైవేటు బస్సుల మీద కేసులు, సీజులు జోరుగా సాగాయి. జోరు తగ్గడమూ అందరికీ తెలిసిందే. పొగకు ఆ పాటి జోరు కూడా ఉండదు. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. అయితే ఆ చావులు ఏ ఒక్క రోజు పేపర్లోనూ పడవు. పొగ హద్దు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటి తప్పుకే పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలలు లైసెన్స్ అనర్హత ఉన్నాయి. ఇందులో నాకు నచ్చనిది ఒకటుంది: ఆచరణలో లైసెన్స్ పోయేది డ్రైవర్‌ది. నాజిల్స్ మార్చించాల్సింది ఓనరు. డ్రైవర్ పొగ గురించి రాసిచ్చిన కంప్లయింట్ పుస్తకం ఉంటే తనిఖీ అధికారి మొదట అదే అడగాలి. మూడుసార్లు రాసినా పని చేయించకపోతే 86వ సెక్షన్ కింద పర్మిట్ సస్పెన్షన్, రద్దు దాకా వెళ్లే దారి చూడాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బస్సుల జబ్బులు వేరు. సైలెన్సర్ వరుసలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ మసిని పట్టి ఉంచుతుంది. తర్వాత యూరియా ద్రవం, అంటే డీఈఎఫ్, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గిస్తుంది. ఆ ద్రవంలో యూరియా 32.5 శాతం, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు. బోరు నీళ్లు కలిపితే ఉప్పు పేరుకుని ఆ ద్రవాన్ని చిమ్మే నాజిల్ మూసుకుపోతుంది. సిటీలో ఆగి ఆగి తిరిగే బస్సుకు ఎగ్జాస్ట్ వేడి చాలదు కాబట్టి డీపీఎఫ్ దానంతటది శుభ్రపడదు. డాష్‌బోర్డులో లైటు వెలిగినప్పుడు బండి పక్కన ఆపి రీజనరేషన్, అంటే పట్టిన మసిని వేడితో కాల్చేయడం, చేయించాలి. ఎండుగడ్డి, చెత్త ఉన్నచోట మాత్రం ఆపకూడదు, లోపల వేడి 600 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ట్రిప్పు టైము పోతుందని లైటును పట్టించుకోరు. ఫిల్టర్ నిండి ఇంజన్ పవర్ తగ్గిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు డీపీఎఫ్ కోసి లోపల ఖాళీ చేసి వెల్డింగ్ పెట్టి, సాఫ్ట్‌వేర్ మార్చి ఇస్తారు. మామూలు స్మోక్ మీటర్ దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఖాళీ డీపీఎఫ్‌తో కూడా ఈ ఇంజన్ల పొగ కంటికి పెద్దగా ఆనదు. బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీ 2022-23 నుంచి పొగలో కణాలను లెక్కపెట్టే యంత్రాలు పెట్టింది ఇందుకే.

ఆ యంత్రాలు వచ్చేదాకా ఒక తెల్ల గుడ్డ పనికొస్తుంది. బండి చల్లారాక సైలెన్సర్ గొట్టం చివర లోపలి అంచు తుడవాలి. డీపీఎఫ్ బాగున్న బీఎస్-6 బస్సులో గుడ్డకు బూడిదరంగు దుమ్ము తప్ప పెద్దగా ఏమీ అంటదు. వేలికి కాటుకలా నల్లగా అంటిందంటే ఫిల్టర్ పగిలిందన్నా కావాలి, లోపల లేదన్నా కావాలి. ఫిట్‌నెస్ తేదీ ఏదైనా సరే, డీపీఎఫ్ డబ్బా మీద కొత్త వెల్డింగ్ గీత ఉందేమో అప్పుడే వంగి చూడాలి.