కార్తీక శనివారం, ఎల్క్ వేట

2025 అక్టోబరు 26, ఆదివారం రాత్రి, డెన్వర్

సంచి పట్టీలు ఒరుసుకొన్న చోట రెండు భుజాలూ కందిపోయి, చేయి చాపితేనే మంట పుడుతోంది. అయినా పడుకొనేలోగా నిన్నటి సంగతి రాసి పెట్టుకోవాలని కూర్చున్నాను. రేపు ఆఫీసులో ఎవరు అడిగినా తమ్ముడు పేల్చిన ఒక్క తూటా గురించే చెబుతాను. నాలుగు సార్లు చెప్పేసరికి మిగిలిన రోజంతా నాకే గుర్తుండదు.

ముందుగా అమ్మ అభ్యంతరం రాయాలి, అది న్యాయమైనదే కనుక. కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జాతి జింకను తుపాకితో వేటాడే సీజన్లు నాలుగు ఉంటాయి. మాకు అనుమతి వచ్చిన రెండో సీజన్ ఈ ఏడాది సరిగ్గా 25వ తేదీన మొదలైంది. తమ్ముడు ఏప్రిల్‌లో దరఖాస్తు పెట్టినప్పుడు పంచాంగం చూడలేదు. "కార్తీకమాసం, అందులో శనివారం, పైగా నాగుల చవితి. ఆ పూట కత్తితో కూరగాయ కూడా కొయ్యం గదరా మనం, మీరు తుపాకి పట్టుకొని కొండెక్కుతారా?" అని అమ్మ శుక్రవారం ఉదయం నుంచి మూడు సార్లు అడిగింది. పుట్ట దొరకని ఊరు గనుక వెండి నాగపడగకే ఇంట్లో పాలు పోస్తానని, ఆ పాపమేదో తన పూజతో తీసేయించుకోవాలని చివరికి తానే సర్దుకొంది. నైవేద్యానికి తీసి పెట్టగా మిగిలిన చిమ్మిలి ఉండలను డబ్బాలో సర్ది మా వాడి చేతికి ఇచ్చింది.

మొత్తం ఆరుగురం వెళ్ళాం: తమ్ముడు, నేను, పద్నాలుగేళ్ళ మా అబ్బాయి, పక్కింటి పెద్దాయన, ఆయన కూతురు, అల్లుడు. పెద్దాయనది 1947లో పుట్టుక, అంటే మన స్వాతంత్ర్యంతో సమవయస్కుడు. ఈ రాష్ట్రంలో 1949 జనవరి 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారెవరైనా వేట పాఠం చదివి కార్డు తెచ్చుకొంటేనే లైసెన్సు ఇస్తారు. మేమంతా చదివి పరీక్ష రాసినవాళ్ళమే. పెద్దాయన మాత్రం ఆ పరీక్ష అక్కరలేని తరానికి చెందినవాడినని దారి పొడుగునా గుర్తు చేస్తూనే ఉన్నాడు. తమ్ముడి దగ్గర ఆడ ఎల్క్‌కు, పెద్దాయన దగ్గర మగ ఎల్క్‌కు అనుమతి ఉన్నాయి. నా దగ్గర ఏదీ లేదు. నేను మోత కోసం వెళ్ళాను.

కొండల్లోంచి పడమరగా వెళ్ళే పెద్దరోడ్డు మీద కారులో సాగి, రైఫిల్ అనే ఊరి దగ్గర ఉత్తరానికి తిరిగి, మీకర్ చేరేసరికి శుక్రవారం సాయంత్రమైంది. వేటకు పోతూ రైఫిల్ మీదుగా పోవడం మా వాడికి ఎంత నచ్చిందంటే, ఊరి పేరున్న బోర్డు దగ్గర కారు ఆపించి ఫొటో తీసుకొన్నాడు. మీకర్‌కు తూర్పున ఫ్లాట్ టాప్స్ అనే బల్లపరుపు కొండలున్నాయి. ఆ చుట్టుపక్కల తిరిగే వైట్ రివర్ మందే ఈ రాష్ట్రంలోని ఎల్క్ మందల్లో పెద్దది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో కొలరాడో మొత్తం మీద కొద్ది వందలో, వెయ్యో మాత్రమే మిగిలితే, వేట ఆపేసి, వయోమింగ్ నుంచి తెచ్చి వదిలి పెంచుకొన్నారట. ఇవాళ రెండున్నర లక్షలకు పైగా ఉన్నాయి. తుపాకుల మీద, తూటాల మీద వసూలు చేసే పన్ను 1937 నుంచి అడవి జంతువుల పోషణకు పోతోందని పెద్దాయన తాను కొన్న ప్రతి తూటా లెక్కా చెప్పబోయాడు గాని, అప్పటికి గుడారం మేకులు కొట్టే పని మిగిలి ఉండటంతో ఎవరమూ పూర్తిగా వినలేదు.

నిన్న తెల్లవారుజామున నాలుగింటికి లేచాం. నీళ్ళ సీసాలో పైన ఐసు పలక కట్టింది. ఇక్కడి నిబంధన ప్రకారం ఒంటి మీద కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ (లేదా గులాబీ) రంగు ఉండాలి, నెత్తి మీద టోపీ కూడా అదే రంగులో ఉండాలి. ఆ వేషంలో మా ఫొటో పంపితే, ఆంజనేయస్వామి మాల వేసుకొన్నవాళ్ళలా ఉన్నారని ఇంటి నుంచి మా ఆవిడ జవాబు రాసింది. ఎల్క్‌కు ఆ రంగు మనకు కనిపించినంత ప్రస్ఫుటంగా కనిపించదు. అది సాటి వేటగాళ్ళ కోసం.

ఎల్క్ కంటికి చిక్కినా ఫరవాలేదు గాని, ముక్కుకు చిక్కకూడదు. తెల్లవారుజామున చల్లబడిన గాలి వాలు వెంట కిందికి దిగుతుంది; ఎండ ఎక్కిన కొద్దీ వెచ్చబడి పైకి మళ్ళుతుంది. రాత్రంతా గడ్డిబయలులో మేసిన మంద తెల్లవారగానే పైనున్న స్ప్రూస్ చెట్ల చీకట్లోకి పడకకు వెళుతుంది కనుక, మేము ఆ మందకు దిగువన ఉండాలి. అందుకే బండిని పైన గుట్ట అంచునున్న అడవి దారిలో వదిలి, పక్క లోయలోంచి చుట్టూ తిరిగి, చీకట్లో దాదాపు గంటన్నర కిందికి దిగి, బయలు దిగువ అంచున పడిపోయిన ఒక ఆస్పెన్ దూలం వెనుక కూర్చున్నాం. దిగుతున్నంతసేపూ నా మోకాళ్ళు ఒక లెక్క వేసుకొంటూనే ఉన్నాయి: దిగినదంతా ఎక్కాలి.

గాలి దిక్కు తెలుసుకోవడానికి ఇక్కడి వేటగాళ్ళు మెత్తటి పొడి ఉన్న చిన్న సీసా వాడతారు. పిండితే పొగలా బయటికి వస్తుంది. మా తమ్ముడు ఆ సీసా ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. కోటు జేబులో అమ్మ ఎప్పుడో పెట్టిన శ్రీశైలం విభూతి పొట్లం దొరికితే చిటికెడు తీసి వదిలాడు. పెద్దాయన అనుమానంగా వాసన చూసి, ఏ వాసనా లేదని తేల్చుకొని, తల ఊపాడు. ఆ బూడిద మా నారింజ చొక్కాల మీదుగా మెల్లగా కిందికి జారడం టార్చి వెలుగులో ఇప్పటికీ నాకు కనిపిస్తోంది. వేటాడిన మాంసాన్ని శివుడికే పెట్టిన తిన్నడు మన పక్షాన ఉంటాడని తమ్ముడు గుసగుసగా అన్నాడు గాని, నాగుల చవితి నాటి లెక్క తిన్నడితో తీరేది కాదని నాకు అనిపించింది.

సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చవచ్చు. ఆ అరగంట గడిచింది, ఆ తరువాత గంటా గడిచింది. ఎల్క్ జత కట్టే కాలం సెప్టెంబరు కనుక, ఇప్పుడు మగవాటి కూతలు వినిపించవు. అడవి అంతా నోరు మూసుకొని ఉంటుంది. చిమ్మిలి ఉండలు చేతులు మారాయి. ఇది కొండ ఎక్కేవాళ్ళ కోసమే కనిపెట్టిన తిండిలా ఉందని పెద్దాయన రెండోది అడిగి మరీ తీసుకొన్నాడు. నువ్వులు దంతాల మధ్య నలిగే చప్పుడు కూడా ఆ నిశ్శబ్దంలో ఎక్కువే అనిపించింది.

ఎనిమిదిన్నర దాటాక మా వాడు నా మోచేయి నొక్కాడు. ఆకులు రాలిన తెల్లని ఆస్పెన్ మొండాల మధ్య ముందుగా కనిపించినవి వాటి లేత పసుపు పిరుదులే. ఎల్క్‌కు ఉన్న వాపిటి అన్న పేరు అమెరికా ఆదివాసులైన షానీల భాషలో ఆ తెల్లదనం వల్లే వచ్చిందని పాఠంలో చదివినప్పుడు గుర్తుండలేదు గాని, చూసినప్పుడు గుర్తుకొచ్చింది. ఆరు ఆడవి, ఒక లేత మగది. పెద్దాయన బైనాక్యులర్ ఎత్తి చూసి దించేశాడు. ఈ ప్రాంతంలో కొట్టదగిన మగదానికి ఒక కొమ్ముకు నాలుగు కొనలైనా ఉండాలి, లేదా నుదుటి దగ్గరి కొన ఐదు అంగుళాలైనా ఉండాలి. దీనికి ఉన్నవి రెండు చువ్వలు మాత్రమే.

ఆ సమయంలోనే ఎండ బయలు మీద పడింది. తమ్ముడు వదిలిన విభూతి కిందికి జారకుండా గాలిలో నిలిచింది. ఒక్క క్షణం అలాగే వేలాడి, మెల్లగా పైకి, మంద వైపుకు కదిలింది. ఇక ఆగేందుకు లేదు. తమ్ముడు తుపాకిని దూలం మీద ఆనించి, ఊపిరి సగం వదిలి, నూట ఎనభై గజాల దూరంలో పక్కకు తిరిగి నిలబడిన ఆడదాన్ని కొట్టాడు. అది నాలుగు అడుగులు వేసి కూర్చుంది, కూర్చున్నట్లే ఒరిగిపోయింది. దీని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. పేలుడుకు మా చెవులు దిమ్మెక్కాయి. మంద ఒక్కసారి మా వైపు చూసి చెట్లలోకి వెళ్ళిపోయింది. నిబంధన ఏదీ లేకపోయినా అరగంట కదలకుండా కూర్చోమని పెద్దాయన పట్టుబట్టాడు.

దగ్గరికి వెళ్ళినప్పుడు మొదట తగిలింది పశువుల కొట్టం వాసన. చిన్నప్పుడు తెల్లవారుజామున పాలకు వెళ్ళినప్పుడు వచ్చే వాసనే అది. ఎల్క్ కన్ను తెరిచే ఉంది. అందులో ఆకాశం, మా నారింజ టోపీలు కనిపించాయి. మా వాడు చేతి తొడుగు తీసి దాని మెడ మీద చేయి వేసి, "ఇంకా వెచ్చగా ఉంది నాన్నా," అన్నాడు. ఆ తరువాత మధ్యాహ్నం దాకా వాడు ఒక్క మాటా మాట్లాడలేదు. ఏ పని చెబితే ఆ పని చేశాడు.

తమ్ముడు అనుమతి చీటీ మీద తేదీ వేసి సంతకం చేశాక కత్తులు తీశారు. కడుపు తెరవకుండానే మాంసం విడదీసే పద్ధతి ఇక్కడ వాడుకలో ఉంది: జంతువును పక్కకు పడుకోబెట్టి, వెన్ను వెంట తోలు చీల్చి, ఒక పక్క ముగించి రెండో పక్కకు తిప్పుతారు. ముందుకాలిని మా వాడు ఎత్తి పట్టుకొంటే, పెద్దాయన చంక కింద కత్తిని నిమురుతున్నట్లు నడిపాడు. ఎక్కడా ఎముక అడ్డం రాకుండా భుజం మొత్తం ఊడి వాడి చేతుల్లోకి వచ్చేసింది. ముందుకాలికి ఒంటితో ఎముక అతుకు లేదని, కండలే దాన్ని పట్టి ఉంచుతాయని నలభై ఏడేళ్ళుగా మాంసం తింటున్న నాకు నిన్ననే తెలిసింది. వెనకకాలు అలా కాదు. తుంటి దగ్గర గిన్నెలో బంతిలా కూర్చొని ఉంటుంది, ఆ కీలు దొరికేదాకా వెతుక్కోవాలి. చలిలో మాంసం పొగలు కక్కుతుంటే, మొద్దుబారిన నా వేళ్ళకు ఆ వేడి హాయిగా తగిలింది. హాయిగా తగిలినందుకు ఇబ్బందిపడ్డాను; అయినా చేయి తీయలేదు.

మంచి మాంసం అడవిలో వదిలిపెట్టడం ఇక్కడ నేరం. తోలు తీసిన నాలుగు కాళ్ళూ గుడ్డ సంచుల్లోకి వెళ్ళాయి. ఆడదని తెలిసే గుర్తు ఒక తొడకు అంటిపెట్టుకొని ఉండేలా కోశారు, అదీ నిబంధనే. వీపు కండలు, మెడ, పక్కటెముకల మీది మాంసం, గుండెకాయ, కార్జం మరో రెండు సంచులయ్యాయి. పై దవడలో ఏనుగు దంతంలా మెరిసే రెండు పళ్ళను పెద్దాయన తీసి మా వాడి అరచేతిలో పెట్టాడు.

ఇక మోత. వెనకతొడ ఒక్కటే పాతిక కిలోలు తూగింది. బండి దాకా రెండున్నర కిలోమీటర్లు, అందులో ఎనిమిది వందల అడుగుల ఎగువ. ఆ పైన అది సముద్రమట్టానికి తొమ్మిది వేల అడుగులు దాటిన చోటు, ఊపిరి సరిగా అందదు. తమ్ముడు, అల్లుడు, నేను రెండేసి విడతలు మోశాం. అల్లుడి భార్య మా కంటే చకచకా ఒక ముందుకాలు పైకి చేర్చి, మళ్ళీ కిందికి వచ్చి మాకు ఎదురైంది. మా వాడు వీపు కండల సంచి ఎత్తుకొన్నాడు. మొదటి విడతలో ఇరవై అడుగులకోసారి ఆగాను, రెండో విడతలో పదికోసారి. తొడ ఎముక నా నడుముకు గుచ్చుకొంటూ, సంచిలోంచి చెమ్మ వీపుకు అంటుకొంటూ ఉంటే, నా ధ్యాసంతా మా తాత మీదికి పోయింది.

అమ్మ పుట్టిల్లు నల్లమల అంచున, ఎర్రగొండపాలెం వైపు. వేటను నిషేధించిన 1972 వన్యప్రాణి చట్టానికి ముందు తాత నల్లమలలో కణుజు అనే పెద్ద జింక వేటకు వెళ్ళేవాడు. ఆ కథలు నేను వందసార్లు విన్నాను. (కణుజును దొరలు సింహళంలో ఎల్క్ అనే పిలిచేవారు. అంటే పేరు విషయంలో మేము తాత అడుగుజాడల్లోనే ఉన్నాం.) ఆ కథల్లో నాటు తుపాకి ఉంటుంది, వాగు ఉంటుంది, మగ కణుజు కొమ్ముల కొలత ఉంటుంది; తుపాకి మోగాక మరుసటి వాక్యంలో మాంసం ఇంటి పెరట్లో ఉంటుంది. వాగుకూ పెరటికీ మధ్య ఉన్న ఏడెనిమిది మైళ్ళు కథలో ఎక్కడా లేవు. పెద్ద మగ కణుజు కూడా నిన్నటి ఆడ ఎల్క్ అంత బరువూ ఉంటుంది. తాత మోయలేదు కనుకనే ఆయన కథలో మోత లేదని, రెండో విడతలో, పదమూడో పద్నాలుగో మజిలీ దగ్గర ఒక బండరాయికి చేరగిలబడినప్పుడు తట్టింది. ఇన్నేళ్ళూ తట్టకపోవడానికి కారణం వెతకనక్కరలేదు: నేనూ ఆదివారం కొట్టు ముందు వరుసలో నిలబడి, కిలో కొట్టించుకొని, సంచి ఊపుకొంటూ ఇంటికి వచ్చినవాణ్ణే.

పెద్దాయన తన మగదాని కోసం ఇంకో నాలుగు రోజులు అక్కడే ఉంటాడు. తలను పరీక్షకు అప్పగించే పని కూడా ఆయనే ఒప్పుకొన్నాడు. ఇక్కడి ఎల్క్‌లకు, జింకలకు మెదడును తినేసి, ఒంటిని శుష్కింపజేసే ఒక రోగం ఉంది; 1967లో మొదట ఈ రాష్ట్రంలోనే కనిపించింది. మనుషులకు సోకిన దాఖలా లేకపోయినా, రోగమున్న మాంసం తినవద్దని చెబుతారు. ఫలితం వచ్చేదాకా ఆగుదామని నేను అంటే, తమ్ముడు వేళ్ళ మీద లెక్కపెట్టి, ఎలాగూ నవంబరు 20న అమావాస్య దాకా అమ్మ పొయ్యి ఎక్కనివ్వదని గుర్తు చేశాడు. అలా ప్రభుత్వమూ పంచాంగమూ ఒక్క మాట మీద ఉన్నాయి.

ఈ సాయంత్రం ఇంటికి వచ్చి, గరాజులోని ఫ్రీజరులో మాంసమంతా సర్ది మూత వేశాక, అమ్మ వచ్చి మూత మీద అడ్డంగా టేపు అంటించింది. మార్గశిరం దాకా ఎవరూ తీయకూడదని దానికి అర్థం. రాత్రి నేను చొక్కా విప్పితే భుజాలు చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళి నువ్వులనూనె వెచ్చచేసుకొని వచ్చింది. రాస్తూ, ఎంత దూరం మోశారని అడిగింది, చెప్పాను. తాత వేటకు వెళ్ళిన మర్నాడు ఒకతను పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చొనేవాడని, అమ్మమ్మ గిన్నెలో నూనె పోసి ఇస్తే భుజాలకు తానే రాసుకొని, వాటా మాంసం ఆకులో చుట్టుకొని వెళ్ళేవాడని, తనకప్పుడు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో అని చెప్పింది. ఈ సంగతి నేనెన్నడూ వినలేదు. అతని పేరేమిటని అడిగాను. నూనె చేయి నా భుజం మీద ఉంచి చాలాసేపు ఆలోచించింది. తనకు గుర్తు రావడం లేదని, రేపు పెద్దమ్మకు ఫోను చేసి అడుగుతానని చెప్పింది.