సూర్యలంకలో పాలసొర

కార్తీకమాసం ఆదివారం కదా, గుంటూరులో బాపట్ల బస్సెక్కితే పొన్నూరు దాకా సీటు దొరకలేదు. మా మేనల్లుడికి అదేం పట్టలేదు. ఫోన్‌లో ఫ్లోరిడా సొరచేపల వీడియోలు చూసి, "మావయ్యా, నేను నీళ్లలో దిగను" అని చేబ్రోలు దాటకముందే తేల్చేశాడు.

బాపట్ల నుంచి సూర్యలంక 9 కిలోమీటర్లు, ఆటోలో వెళ్లాం. తీరం నిండా జనమే. ఒక పక్కన వల దులుపుతున్న పెద్దాయన బుట్టలో రెండు పాలసొరలున్నాయి, మూరెడేసి పొడవు.

"పట్టుకో అబ్బాయ్, ఏం చెయ్యదులే" అన్నాడాయన. మావాడు నా వెనక్కి చేరాడు. నేనే పట్టుకున్నా. తల నుంచి తోకవైపు నిమిరితే నున్నగా ఉంది. ఎదురు నిమిరితే ఉప్పుకాగితంలా గీరుకుంది. ఆ తోలు మీద ఉండేవి మామూలు పొలుసులు కావు, కంటికి ఆనని పళ్లలాంటివి.

"ఇక్కడెవర్నైనా కరిచాయా బాబాయ్?"

"నేనైతే చూళ్లేదు. ఇవి చిన్నచేపలు, రొయ్యలు తిని బతికేవి. మీరు చూడాల్సింది అటు" అని చెయ్యి చాపాడు.

రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతున్నాయి. మధ్యలో ఒక పాయ మాత్రం నిమ్మళంగా ఉంది. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఆ దారినే లోపలికి పోతాయట. అలలు లేవు గదా అని జనం సరిగ్గా అక్కడే దిగుతారు. లాగుతుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, అలిసిపోతాం. తీరం వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి తిరగాలి. ఈత రానివాళ్ల సంగతి వేరే చెప్పాలా?

2024లో సొరలు వాటంతటవి మనుషుల్ని కరిచినట్టు ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు తేల్చినవి ప్రపంచం మొత్తమ్మీద 47. సూర్యలంకలో మునిగిపోయిన కుర్రాళ్ల వార్తలు మాత్రం పేపర్లో ఎన్ని చదివామో! ఆ వీడియోలెవరూ షేర్ చెయ్యరు.

ఈల వేస్తున్న పోలీసుల దగ్గర్లోనే మోకాళ్ల లోతులో తడిసి వచ్చాం. మావాడూ దిగాడు, నా చొక్కా వదలకుండా.

పాలసొరలు రెండూ కొన్నా. ఇంట్లో అక్క వాటిని పసుపేసి ఉడకబెట్టి, తోలు తీసి, ముల్లు ఏరి చిదిమి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లితో పొడిపొడిగా పుట్టు వేయించింది. బాలింతలకి పాలు పడతాయని మావైపు పెడతారు. ఆ రాత్రి బాలింతలెవరూ లేకపోయినా మూకుడు ఖాళీ అయింది.