కోబాల్‌ని జావాలోకి మార్చే ముందు పైసల సంగతి చూడండి

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో కోబాల్ అనే పాత లాంగ్వేజ్‌లో ఉన్న బ్యాంకు ప్రోగ్రాంలను కొత్తదాంట్లోకి మార్చే మోడర్నైజేషన్ ప్రాజెక్టు అనగానే మొదటి మీటింగ్‌లో వచ్చే ప్రశ్న, ఏ లాంగ్వేజ్‌లో రాద్దాం అని. జావానా, డాట్‌నెట్టా, గో అయితే ఎలా ఉంటుంది, ఇలా గంటలు గడిచిపోతాయి. నన్నడిగితే అది రెండో ప్రశ్న. పాత ప్రోగ్రాం లెక్క ఎలా కడుతోందన్నది ముందు తేలాలి.

కోబాల్‌లో వడ్డీ లెక్కకట్టి, రెండు దశాంశ స్థానాలున్న ఫీల్డులో పెట్టారనుకోండి. లెక్క 10.456 వస్తే అందులో పడేది 10.45. పక్కన రౌండెడ్ అని రాస్తేనే 10.46 అవుతుంది, లేదంటే మిగిలిన అంకెను కత్తిరించేస్తుంది. అదే ప్రోగ్రాంని జావాలో తిరగరాసే కుర్రాడు దశాంశాలను ఉన్నవి ఉన్నట్టు ఉంచే బిగ్‌డెసిమల్ టైపు తీసుకుని బుద్ధిగా హాఫ్ అప్ (సగం, ఆపైన ఉంటే పైకి రౌండ్ చేయడం) పెడతాడు. చూడటానికి అతని కోడ్‌లో తప్పేం కనిపించదు, కానీ ఖాతాకి ఒక పైసా తేడా, లక్షల ఖాతాలు, వాటన్నిటినీ ఒకేసారి లెక్కకట్టే నెలాఖరు బ్యాచ్, ఇక ఆ రాత్రి టీమ్ మొత్తానికీ టెన్షనే. దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే డబుల్ టైపు వాడితే చెప్పనే అక్కర్లేదు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 చూపించే టైపులో జనం డబ్బు పెట్టకూడదు.

అందుకే పాతదాన్ని వెంటనే పడగొట్టొద్దు, మొదట దాని ముందు ఒక వెబ్ సర్వీస్ (వేరే ప్రోగ్రాంలు నెట్‌వర్క్‌లో అడిగితే జవాబిచ్చే ప్రోగ్రాం) పెట్టండి అంటాను. మొబైల్ యాప్ అయినా బ్రాంచ్‌లో స్క్రీన్ అయినా ఆ సర్వీస్‌నే పిలవాలి, లోపల కోబాల్ ఉందో జావా ఉందో వాటికి అనవసరం. తర్వాత ఒక్కో పని కొత్తదాంట్లోకి మార్చి, కొన్నాళ్లు రెండింటికీ ఒకే ఇన్‌పుట్ ఇచ్చి, జవాబులు పైసాతో సహా సరిపోయాకే పాతదాన్ని ఆపాలి. 2004లో సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ స్ట్రాంగ్లర్ అని పేరుపెట్టి రాసింది ఇలా కొంచెం కొంచెంగా మార్చే పద్ధతి గురించే.

సర్వీస్ దగ్గర కూడా జాగ్రత్త కావాలి. సర్వీస్‌కి డేటా పంపే పద్ధతుల్లో ఒకటైన సోప్‌లో అయితే డబ్బు ఫీల్డు డెసిమల్ అని స్కీమాలోనే (ఏ ఫీల్డు ఏ టైపో చెప్పే పత్రం) రాసుకోవచ్చు. డేటాను మామూలు టెక్స్ట్‌గా రాసే జేసన్ ఫార్మాట్‌లో అలాంటి టైపు లేదు, అంకెలకు ఉన్నది నంబర్ ఒక్కటే, బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ దాన్ని చదవగానే డబుల్ అయిపోతుంది. 17, 18 అంకెల ఖాతా నంబర్ అయితే చివరి అంకెలే మారిపోవచ్చు. డబ్బు, ఖాతా నంబర్ రెండూ స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల వరుసగానే పంపండి.

ఇంకోటి. ఒకప్పుడు అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ (కోబాల్ నడిచే పెద్ద కంప్యూటర్) కోర్సు నేర్చుకుని వచ్చి, ఇన్నేళ్లుగా ఆ కోడ్‌ని కాపాడుకొస్తున్నవాళ్లని డిజైన్ మీటింగ్‌కి పిలవరు. చివర్లో నాలుగు కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, తెలిసింది వేరేవాళ్లకి అప్పగించే) సెషన్లు పెట్టించుకుని పంపేస్తారు. ఇది చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. ఫలానా లైన్లో రౌండెడ్ ఎందుకు లేదో చెప్పగలిగేది వాళ్లే. మీ ప్రాజెక్టులో అలాంటివాళ్లు ఇంకా ఉంటే, ఒక్క లైను కొత్త కోడ్ రాయకముందే వాళ్లచేత టెస్ట్ కేసులు రాయించండి: మైనస్ బ్యాలెన్స్, ఫిబ్రవరి 29, నెల మధ్యలో మూసేసిన ఖాతా.